తాళిబొట్టు జప్తుకు రాదని ఆమెకెవరూ చెప్పలేదు

రాష్ట్ర న్యాయశాఖ మంత్రిగారికి,

చిత్తూరు నుంచి ఒక రిటైర్డ్ కోర్టు అమీనా నమస్కరించి రాసుకునేది.

అమీనా అంటే ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. ఈ ఉత్తరం చదివే కుర్రవాళ్ళ కోసం ఒక్క మాట. డిక్రీ, అంటే బాకీ కట్టమని కోర్టు తీర్పు, అయ్యాక కూడా కట్టకపోతే అప్పిచ్చినాయన ఈపీ (ఆ తీర్పు అమలు చెయ్యమనే పిటిషను) వేసి బత్తా (మమ్మల్ని పంపే ఖర్చు) కడతాడు. జడ్జిగారి సంతకం, కోర్టు ముద్ర ఉన్న జప్తు వారంటు మా చేతికొస్తుంది. ఆ కాగితం సంచిలో పెట్టుకుని బస్సెక్కి ఆ ఊరికి పోయి, ఇంట్లో సామాను జాబితా రాసి తెచ్చేది మేమే. సర్వీసంతా నేను జప్తుకు పోయిన ఇంట్లో మంచినీళ్ళు అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళేమో.

పూతలపట్టు పక్క పల్లెలో ఒకామె ఇంటి ముందు ఇడ్లీలు పోసి అమ్మేది. ప్రోనోటు అప్పు, డిక్రీ అయింది. డిక్రీదారు, అంటే అప్పిచ్చినాయన, టెంపో మాట్లాడుకుని మరీ నా వెంట వచ్చాడు. ఆమె మెడలో పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి ఉంది. నేను ఏమీ అడగలేదు. ఆమే అంది: “మీరొస్తే ఎట్లాగూ పీక్కొని పోతారు కదా సామీ, అందుకే పోయిన వారమే తాళిబొట్లు కుదువ పెట్టి ఈయనకు వడ్డీ కట్టేసినా.”

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మత ఆచారాన్ని బట్టి ఆడమనిషి ఒంటి మీద నుంచి తియ్యకూడని నగను జప్తు చెయ్యడానికి లేదు. 1908 నాటి చట్టం అది. మా యమ్మ పుట్టకముందు నుంచీ ఉంది. ఆ సంగతి డిక్రీదారుకు తెలుసు, వాళ్ళ లాయరుకు తెలుసు, నాకు తెలుసు. తెలియాల్సిన మనిషికే తెలియదు.

ఇంతటితో అయిపోలేదు. డిక్రీదారు గ్రైండరును చూపించి రాయమన్నాడు. వంటపాత్రలు, కట్టుబట్టలు, మంచాలు, పరుపులు ముట్టుకోకూడదని చట్టం. చేతిపని వాళ్ళ పనిముట్లూ అంతే. చట్టం రాసిన దొరలకు గ్రైండరు తెలియదు. దాన్ని పాత్ర అనుకోవాలా, పనిముట్టు అనుకోవాలా, టీవీ లాగా ఒట్టి సామాను అనుకోవాలా? వాకిట్లో నిలబడి తేల్చుకోవలసింది జీతానికి పనిచేసే అమీనా. నేను రాసేశాను. టెంపోలోకి ఎక్కించాను. ఆమె కోర్టుకొచ్చి అభ్యంతరం చెప్పుకోవచ్చు, నిజమే. ఆ లాయరు ఫీజుతో ఇంకో గ్రైండరు వస్తుంది.

మంత్రిగారూ, నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఈపీ నోటీసుతో పాటు, వారంటుతో పాటు, ఏది జప్తుకు రాదో తెలుగులో ఒక కాగితం బాకీదారు చేతికి ఇప్పించండి. ఫారాలు, రూల్సు హైకోర్టు చేతిలో ఉంటాయని తెలుసు. వాటిని మార్చాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం కావాలనీ తెలుసు. కాబట్టి ఒక ఉత్తరం మీరు రాస్తే పని కదులుతుంది.

ఆ కాగితంలో ఏముండాలో నా లాంటివాణ్ణి అడిగితే చెబుతాను. రైతుకు బతకడానికి అవసరమని కోర్టు అనుకున్న ఎద్దులు, ఆవులు, నాగలి, విత్తనాలు జప్తు చెయ్యరు. రైతు, కూలీ, పనిమనిషి కాపురముంటున్న సొంత ఇల్లూ రాదు. ఆ ఇంటినే తనఖా పెట్టి తెచ్చిన అప్పయితే మాత్రం ఈ రక్షణ లేదు. కూలి డబ్బుల జోలికి పోకూడదు. ప్రావిడెంట్ ఫండ్, జీవిత బీమా సొమ్మూ అంతే. పొద్దు గూకాక, పొద్దు పొడవకముందు అమీనా ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. డబ్బు డిక్రీకి ఆడమనిషిని అరెస్టు చెయ్యరు. “ఈ రక్షణలు నాకొద్దు” అని ముందే బాండు మీద సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. ఈ చివరిది పెద్దక్షరాల్లో వెయ్యండి. మా వైపు ఫైనాన్స్ వాళ్ళు ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారో మీకూ తెలిసే ఉంటుంది.

జీతగాళ్ళ లెక్క వేరే. మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలెయ్యాలి. అంటే 25,000 జీతంలో నెలకు 8,000 దాకా పట్టుకోవచ్చు. అదీ ఒకే డిక్రీకి మొత్తం 24 నెలలే, ఆ తరవాత ఆ డిక్రీకి జీతం ముట్టరు. భరణం డిక్రీకి ఈ లెక్క వర్తించదు. ఆ వెయ్యి 2002 నుంచి వెయ్యిగానే ఉంది. ఇప్పుడు వెయ్యి ఏ మూలకొస్తుంది?

సివిల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలోని అంశం, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చెయ్యొచ్చు. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రమూ సవరించుకోవచ్చు. పంజాబ్‌లో ఈ సెక్షన్ సవరించి, రైతు కానివాళ్ళు ఉండే సొంత ఇంటికి కూడా రక్షణ ఇచ్చారు. మన దగ్గర శ్రీకాళహస్తిలో కలంకారీ వేసుకునే మనిషిని చూడండి. అతని కలం జప్తు చెయ్యరాదు. ఇంటి సంగతికి వస్తే రక్షణ ఉన్న రైతు, కూలీ, పనిమనిషి వరసలో అతని పేరు లేదు.

ఇంకొకటి. ఈ మధ్య బైకుల మీద నలుగురైదుగురు వచ్చి “జప్తుకొచ్చినాం” అంటున్నారు. వాళ్ళ దగ్గర వారంటు ఉండదు, ముద్ర ఉండదు. బ్యాంకుల తరఫున వచ్చే వసూలు ఏజెంట్లు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తరవాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. రౌడీలను పెట్టి బండ్లు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే తప్పుపట్టింది. జనం మాత్రం వాళ్ళనే కోర్టువాళ్ళు అనుకుని బీరువా తాళాలు ఇచ్చేస్తున్నారు. నేనడిగిన ఆ కాగితం చివర, ఉచితంగా న్యాయ సహాయం చేసే న్యాయసేవాధికార సంస్థ ఫోన్ నంబరు 15100 వేస్తే చాలు, ఒక్కరైనా అడుగుతారు.

ముసాయిదా నేనే రాసి పెట్టుకున్నాను, రెండు పేజీలు. మొన్న మా వీధి ఆటో అబ్బోడికి చదివి వినిపిస్తే తాళిబొట్టు దగ్గర ఆపి, “ఇది నిజమేనా అన్నా, చట్టంలోనే ఉందా?” అన్నాడు. ఉందప్పా అన్నాను. వాళ్ళక్కకు ఫోన్ చెయ్యాలని బయటికి పోయాడు.

మీ కార్యాలయం నుంచి ఎవరు అడిగినా ఆ రెండు పేజీలు పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అమీనా, చిత్తూరు