బాధితుల పరిహారానికి తీర్పు దాకా ఆగక్కర్లేదు

సంపాదకులకు,

కత్తిపోట్లకు గురైనవాళ్లకీ, యాసిడ్ దాడి, అత్యాచార బాధితులకీ ‘ప్రభుత్వ పరిహారం సంగతి తీర్పు వచ్చాక చూద్దాం’ అని చెప్పి పంపేయడం మన దగ్గర మామూలైపోయింది. చట్టం అలా చెప్పలేదు. నేరం చేసిందెవరో తేలకపోయినా బాధితులు గానీ, వాళ్ల మీద ఆధారపడినవాళ్లు గానీ ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిన్నటి నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) సెక్షన్ 357ఏ ఇచ్చిన ఈ హక్కును, దాని స్థానంలో వచ్చిన నేటి బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 396 కూడా ఇస్తోంది. సంస్థ రెండు నెలల్లో విచారణ ముగించాలి. ఈలోగా స్టేషన్ హౌస్ ఆఫీసర్ గానీ మేజిస్ట్రేట్ గానీ సర్టిఫికెట్ ఇస్తే వైద్యానికి తక్షణ సాయం అందించవచ్చు.

మహిళా బాధితుల కోసం 2018లో వచ్చిన జాతీయ పథకం ఇంకా ముందుకు వెళ్లింది. అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, ముఖం వికృతమైన యాసిడ్ బాధితురాలికి 7 నుంచి 8 లక్షలు అని పట్టిక ఉంది. ఎఫ్‌ఐఆర్ నమోదైన వెంటనే దాని కాపీని స్టేషన్ అధికారే న్యాయ సేవాధికార సంస్థకు పంపాలి. పని ఆగిపోయేది ఇక్కడే. కాపీ చేరకపోతే బాధితురాలు ఉందన్న సంగతే సంస్థకు తెలియదు.

బ్రిటన్‌లో 1964 నుంచే ఇలాంటి పథకం ఉంది. అక్కడ నిందితుడికి శిక్ష పడాలన్న షరతు లేదు. మామూలుగా రెండేళ్లలోపు దరఖాస్తు చేస్తే గాయాన్ని బట్టి వెయ్యి నుంచి 5 లక్షల పౌండ్ల దాకా ఇస్తారు. ఫ్రాన్స్ పద్ధతి నాకు మరీ నచ్చుతుంది: ఆస్తి బీమా పాలసీలన్నిటి మీద ఏటా చిన్న రుసుము వసూలు చేసి బాధితుల నిధికి జమచేస్తారు. బడ్జెట్ విడుదల కోసం ఎదురుచూసే అవసరం ఉండదు. మన రాష్ట్రానికి ఇలాంటి నికరమైన రాబడి కావాలి.

మన దగ్గర దరఖాస్తుకు ఎఫ్‌ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, ఆసుపత్రి బిల్లులు, బ్యాంకు పాస్‌బుక్ జతచేయాలి. చిక్కల్లా గాయాల సర్టిఫికెట్‌తోనే. అది ఆసుపత్రి నుంచి పోలీసులకు వెళ్తుంది తప్ప బాధితుల చేతికి రాదు. దాని కోసం తిరగకుండా, పోలీసుల నుంచి సంస్థే తెప్పించుకోవాలని దరఖాస్తులోనే రాయండి. రికార్డులు తెప్పించుకునే అధికారం సంస్థకు ఉంది. మధ్యంతర సాయం, అంటే విచారణ ముగియకముందే ఇచ్చే సొమ్ము, ముందే అడగడం మరవొద్దు. 2018 పథకంలో మంజూరైన సొమ్ములో 75 శాతాన్ని కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తారు, చేతికొచ్చేది 25 శాతమే. ఆపరేషన్ ఖర్చు అంతవరకు ఆగదు. వైద్యం కోసం ఆ డిపాజిట్‌లోంచి ముందే తీసుకునే వీలుంది గానీ దానికి మళ్లీ అనుమతి కావాలి.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఎలాగూ ఉచితంగా ఇవ్వాల్సిందే. గుంటూరు, విజయవాడ స్టేషన్లలో దాని వెనక పేజీలోనే పరిహారం దరఖాస్తు ఫారం, న్యాయ సహాయ నంబరు 15100 తెలుగులో అచ్చువేసి ఇవ్వాలని పోలీసు అధికారులను కోరుతున్నాను. రెండు నగరాల ప్రభుత్వాసుపత్రుల క్యాజువాల్టీల్లో ఆ ఫారం నింపిపెట్టే పారా లీగల్ వాలంటీర్‌ను (న్యాయ సహాయంలో శిక్షణ పొందిన కార్యకర్తను) రాత్రిపూట కూడా ఉంచాలి.

— ఒక న్యాయవాది,
బ్రాడీపేట, గుంటూరు