మేజర్ల లెక్క ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

స్కాటీ షెఫ్లర్ ఒక పెద్ద గోల్ఫ్ టోర్నీ గెలిచినప్పుడల్లా ఎవరు ఎన్ని మేజర్లు గెలిచారో చెప్పే చిన్న పట్టిక ఒకటి మీ ఆటల పేజీలో వస్తోంది. మేజర్లంటే గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్దవిగా లెక్కించే నాలుగు టోర్నీలు: మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్, పీజీఏ చాంపియన్‌షిప్. జాక్ నిక్లాస్ 18, టైగర్ వుడ్స్ 15, వాల్టర్ హేగన్ 11, ఆ కింద మిగిలినవాళ్లు. మన తిరుపతిలో గోల్ఫ్ ఆడేవాళ్లు తక్కువే అయినా పేపర్లో ఆటల పేజీ చదివే పిల్లలు చాలామందే ఉన్నారు. తారకరామ స్టేడియంలో ప్రాక్టీసు అయ్యాక షూ లేసులు విప్పుకుంటూ ఒక కుర్రాడు ఆ పట్టిక చూపించి, "హేగన్ ఎవరు సార్, పదకొండేనా?" అన్నాడు. చాలా బాధేసింది. వాడిని తప్పు పట్టను. పట్టికలో ఉన్నది అంతే మరి.

టైగర్ ఆటను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. 21 ఏళ్లకే 1997లో మాస్టర్స్‌ను 12 షాట్ల తేడాతో గెలిచాడు. 2000లో పెబుల్ బీచ్‌లో యూఎస్ ఓపెన్‌ను ఏకంగా 15 షాట్ల తేడాతో ఎగరేసుకుపోయాడు. అలాంటివాడు వచ్చాక అందరి చూపూ ఒక్కచోటే నిలిచింది: నిక్లాస్ 18ని దాటుతాడా, లేదా? ఏళ్ల తరబడి అదే మాట వినీ వినీ మేజర్ల సంఖ్యే గోల్ఫర్ విలువ అన్నట్టు తయారైంది. ఆ కొలబద్ద పట్టుకుని వెనక్కి వెళ్లి అందరినీ కొలుస్తున్నాం.

హేగన్ కాలంలో నాలుగు మేజర్లు ఎక్కడివి? మాస్టర్స్ మొదలైందే 1934లో. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. బ్రిటిష్ ఓపెన్ ఆడాలంటే అమెరికా నుంచి ఓడెక్కి సముద్రం దాటాలి. అయినా వెళ్లి నాలుగుసార్లు గెలిచాడు. ఆ రోజుల్లో ఎంతో పేరున్న వెస్టర్న్ ఓపెన్‌ను ఐదుసార్లు గెలిచాడు. అది మేజర్ కాదు కాబట్టి ఈనాటి లెక్కలో అవి ఐదూ సున్నా!

బెన్ హోగన్ సంగతి ఇంకా అన్యాయం. 1949లో ఆయన కారును బస్సు ఢీకొట్టింది. మళ్లీ నడుస్తాడో లేదో అనుకున్న మనిషి మరుసటి ఏడాదే యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1953లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ కొట్టాడు. పీజీఏ చాంపియన్‌షిప్ తేదీలు బ్రిటిష్ ఓపెన్‌తో తగులుకోవడంతో నాలుగోది ఆడే వీలే లేకపోయింది. పట్టికలో మాత్రం ఆయన ఎదురుగా 9 అని ఉంటుంది, అంతే.

టైగర్‌తో కలిసి ఆడినవాళ్లకు జరుగుతున్నది ఇంకో రకం అన్యాయం. నిక్లాస్ ప్రత్యర్థులు గొప్పవాళ్లు, ఆర్నాల్డ్ పామర్‌కు 7, గ్యారీ ప్లేయర్‌కు 9, టామ్ వాట్సన్‌కు 8 మేజర్లు ఉన్నాయి, టైగర్ ప్రత్యర్థులకు అన్ని లేవు కాబట్టి వాళ్లు బలహీనులు అంటారు. అన్ని ఎలా ఉంటాయి? 2000లో ఎర్నీ ఎల్స్ వరసగా మూడు మేజర్లలో రెండో స్థానంలో నిలిచాడు. అందులో రెండింట్లో ముందున్నది టైగరే. ఎల్స్‌కు రావలసినవి తన్నుకుపోయినవాడిని పొగుడుతూ, పోగొట్టుకున్నవాడిని చేతకానివాడు అనడం ఏం న్యాయం?

మన దగ్గరా ఇదే జరుగుతోంది. పీవీ సింధు రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చాక, కరణం మల్లేశ్వరిది "ఒక్క కాంస్యమే కదా" అనేవాళ్లు తయారయ్యారు. ఆమె 1994, 1995లో ప్రపంచ చాంపియన్. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చిందే 2000లో, సిడ్నీలో. ఆమె మంచి ఊపు మీదున్న రోజుల్లో 1996 అట్లాంటాలో ఆ పోటీయే లేదు. లేని పోటీలో పతకం ఎక్కడి నుంచి తెస్తుంది?

అందుకే మీకు నా విన్నపం. ఆ పట్టిక ఆపమని కాదు. పక్కన ఇంకో గడి కలపండి: ఆ ఆటగాడి రోజుల్లో ఏయే మేజర్లు ఉండేవి, వాటిలో ఆయన ఎన్నిసార్లు దిగాడు అని. హోగన్ పేరు ఎదురుగా "బ్రిటిష్ ఓపెన్: ఆడింది ఒక్కసారే, ఆ ఒక్కసారీ గెలిచాడు" అని వేయడానికి పట్టేది ఒక్క లైను చోటే.

– విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, తిరుపతి