ఉప్పుగాలికి వారంటీ ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మీద గానీ, మద్దిలపాలెం కూడలిలో గానీ కాసేపు నిలబడితే ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉన్న విద్యుత్ స్కూటర్లు ఎంతగా పెరిగాయో వేరే చెప్పనక్కర్లేదు. ఆహార పొట్లాలు చేరవేసే కుర్రాళ్లు మొదలుకొని పిల్లలను బడిలో దింపి ఆఫీసుకు వెళ్లే తల్లుల దాకా అందరూ వీటిని నడుపుతున్నారు. పెట్రోలు ధర భరించలేక, ఇంట్లో ప్లగ్గు పెడితే సరిపోతుందన్న ధీమాతో కొన్నవారే ఎక్కువ. నేనూ అలా కొన్నవాడినే కాబట్టి ఈ బండ్ల మీద నాకు విముఖత ఏమీ లేదు. అయితే పత్రికల్లోనూ షోరూముల్లోనూ జరిగే చర్చంతా బ్యాటరీ మంటల చుట్టూ, ఒక్క ఛార్జింగుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్న లెక్క చుట్టూ తిరుగుతోందే తప్ప, సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లో ఈ బండిని రోజూ కొంచెం కొంచెంగా తినేసే ఉప్పుగాలి గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

నేను పోర్టులో విద్యుత్ పనులు చూసి పదవీ విరమణ చేసినవాడిని. క్రేన్ల ప్యానెళ్లలోనూ, జెట్టీ మీది దీపాల పెట్టెల్లోనూ మాకు వానతో వచ్చిన తంటా కన్నా ఉప్పుతో వచ్చిన తంటాయే ఎక్కువ. అల విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో కలిసి, తీరం నుంచి కొన్ని వందల మీటర్ల వరకు దట్టంగానూ, ఆపైన పలచబడుతూనూ ఊళ్లోకి వస్తుంది. వంటింట్లో ఉప్పు డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లడం అందరం చూసిందే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరుగా మారుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కనుక, అది 33 శాతం తేమ దగ్గరే నీటిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అంటే విశాఖ వంటి ఊళ్లో ఒక లోహపు ముక్క మీద పడిన ఉప్పు పొర, ఎవరో ఒకరు మంచినీటితో కడిగితే తప్ప, పూర్తిగా ఆరడమన్నది దాదాపు జరగదు. అందుకే మేము ప్యానెళ్ల లోపల తేమ చేరకుండా చిన్న హీటరు వేసి ఉంచేవాళ్లం, తీగల చివర బిగించడానికి తగరం పూత ఉన్న లోహపు లగ్గులే వాడేవాళ్లం, బిగింపుల మీద గ్రీజు రాసేవాళ్లం.

పెట్రోలు బండికి మాత్రం తుప్పు పట్టదా అని ఎవరైనా అడగవచ్చు. పడుతుంది. కాకపోతే సైలెన్సరుకు చిల్లు పడితే చప్పుడు పెరుగుతుందే గానీ బండి మనల్ని ఇంటికి చేరుస్తుంది. విద్యుత్ స్కూటరులో యాక్సిలరేటర్ నుంచి, మోటారును అదుపు చేసే కంట్రోలరుకు వెళ్లే సంకేతం కొద్ది వోల్టులకు మించదు. బ్యాటరీలో ప్రతి సెల్లునూ కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ మిల్లీవోల్టుల తేడాలను చదువుతుంది. అలాంటి చోట కనెక్టరు పిన్ను మీద పలచని చిలుము పట్టినా చదివే అంకె మారిపోతుంది, బండి ఏదో లోపం చూపించి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పైగా ఇది డీసీ, అంటే ఎప్పుడూ ఒకే దిశలో పారే కరెంటు. రెండు పిన్నుల మధ్య ఉప్పు తేమ చేరి, వాటి మీద వోల్టేజీ అలాగే నిలిచి ఉంటే ధన పిన్ను మెల్లమెల్లగా కరిగిపోతుంది.

నా బండికి జరిగింది అచ్చంగా ఇదే. ఛార్జింగు పెట్టిన కాసేపటికే ఆగిపోతుంటే, ఛార్జింగు పోర్టు రబ్బరు మూత తీసి టార్చిలైటు వేసి చూశాను. ఒక పిన్ను కొత్తదానిలా మెరుస్తూనే ఉంది; దాని పక్కది కొన దగ్గర సగానికి సగం సన్నబడి, చుట్టూ పాచిరంగు పొడి పేరుకుని ఉంది. అరిగిపోయింది ఏ పిన్నో చూడగానే కారణం తెలిసిపోయింది. సర్వీసు సెంటరులో మాత్రం జాబ్ కార్డు మీద ‘బాహ్య కారణాల వల్ల తుప్పు, వారంటీ వర్తించదు’ అని రాసిచ్చారు. అక్కడి కుర్రవాడిని నేను తప్పుపట్టను, అతని ముందున్న వారంటీ పుస్తకంలో తుప్పు, ఉప్పునీరు, పరిసరాల ప్రభావం అన్నీ ఒకే వాక్యంలో మినహాయింపుల కింద అచ్చయి ఉన్నాయి. విశాఖలో షోరూము తెరిచి, విశాఖ చిరునామా మీద రిజిస్ట్రేషన్ చేయించి, అలల హోరు వినిపించే వీధిలోకి బండిని అప్పగించిన సంస్థకు ఇక్కడి గాలి బాహ్య కారణం ఎలా అయిందన్నదే నా ప్రశ్న. ఏళ్ల తరబడి వారంటీ అని పెద్ద అక్షరాలతో ప్రకటనలు ఇచ్చేవారు ఈ మినహాయింపును కూడా అదే సైజు అక్షరాల్లో చెప్పాలి కదా!

కొనేటప్పుడు ఈ సంగతి ప్రస్తావిస్తే ‘ఐపీ67 సార్, నీళ్లలో ముంచినా ఏమీ కాదు’ అంటారు. అది అబద్ధమేమీ కాదు. ఆ పరీక్షలో వస్తువును ఒక మీటరు లోతు నీటిలో అరగంట ముంచి, లోపలికి నీరు చేరిందా అని చూస్తారు. అది మంచినీరు, రబ్బరు సీలు కొత్తది. ఉప్పు సంగతి తేల్చే పరీక్ష వేరే ఉంది. అందులో 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల వేడిలో పొగమంచులా గంటల తరబడి చల్లుతూ, ఆ లోహం, దాని మీది పూత ఎన్ని గంటలు తట్టుకున్నాయో లెక్కిస్తారు. కంపెనీలు ఈ పరీక్ష చేయడం లేదని నేను అనను. ఏ భాగానికి ఎన్ని గంటలు చేశారన్న అంకె మాత్రం నేను చూసిన ఏ బ్రోషరులోనూ లేదు. 2022లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు మరణించడం, అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాదులో కింది అంతస్తులో విద్యుత్ స్కూటర్ల షోరూము ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది ప్రాణాలు పోవడం తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రతా నిబంధనలను బిగించింది. అవసరమైన పనే. అలాగే సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న మన రాష్ట్రంలో అమ్మే బండికి ఉప్పు పరీక్ష గంటలను వెల్లడించాలని మన రవాణా శాఖ కేంద్రాన్ని కోరవచ్చు. వాహనాలను పరీక్షించే పెద్ద సంస్థల్లో రెండు పుణెలోనూ మానేసర్‌లోనూ ఉన్నాయి. అక్కడి వారికి సముద్రపు గాలి ప్రయోగశాలలో చల్లుకుంటే తప్ప దొరకదు, మనం గుర్తుచేయాల్సిందే.

ఈలోగా వాడేవారు చేయగలిగింది కొంత ఉంది. చాలామంది వానకు భయపడతారు గానీ, వాన బండి పైభాగం మీది ఉప్పును కడిగేసి మేలే చేస్తుంది. సీటు కింద, ఫ్లోర్‌బోర్డు అడుగున, మడ్‌గార్డు లోపల వాన తగలని చోట్లే ఉప్పు పొర మీద పొరగా పేరుకుంటుంది. ఎండిన బట్టతో తుడవడం వల్ల అది పోదు, నెమ్మదిగా పారే మంచినీటితోనే పోతుంది. తీరం దగ్గరి అపార్టుమెంట్లలో చాలాచోట్ల బోరు నీరే ఉప్పగా ఉంటుంది, దానితో బండి కడగడం కన్నా కడగకపోవడమే నయం. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కప్పితే తేమను లోపలే బంధించినట్టవుతుంది. ఇక ఫిషింగ్ హార్బరు దగ్గర తెల్లవారుజామున కనిపించే దృశ్యం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. చేపలు కొని తెచ్చేవారు ఐసు వేసిన థర్మాకోల్ పెట్టెలను స్కూటరు ఫ్లోర్‌బోర్డు మీద పెట్టుకుంటారు. చాలా బండ్లలో బ్యాటరీ ఉండేది సరిగ్గా దాని కిందే. కరిగిన ఐసు, చేపల ఉప్పునీరు కలిసి దారి పొడవునా ఆ సందుల్లోకి కారుతూనే ఉంటుంది. బతుకుతెరువు కోసం బండి కొన్న ఆ మనిషికి పెట్టెను వెనక క్యారియరు మీద, కింద ఒక ట్రే వేసి పెట్టుకోమని అమ్మేటప్పుడే చెప్పడానికి షోరూము వారికి ఖర్చేమీ కాదు.

మా నగరపాలక సంస్థ జీవీఎంసీకీ, ఇక్కడ కరెంటు సరఫరా చేసే ఏపీఈపీడీసీఎల్‌కూ కూడా ఒక మనవి. తీరం వెంబడి బహిరంగ ఛార్జింగు కేంద్రాలు పెట్టేటప్పుడు వాటిని అలల తుంపర నేరుగా పడే సముద్రం వైపు కాకుండా రోడ్డుకు ఇవతలి పక్క, పైకప్పు కింద పెట్టాలి. ప్లగ్గు పాయింట్లను మోకాలి ఎత్తులో కాక నడుము ఎత్తులో బిగించాలి. ఎర్తింగును ఏడాదికి ఒకసారి కాకుండా వానాకాలానికి ముందూ తర్వాతా పరీక్షించాలి. ఉప్పు నేలలో పాతిన ఎర్తు కడ్డీ ఎంత త్వరగా తినేయబడుతుందో మా పాత ఉద్యోగులను ఎవరిని అడిగినా చెబుతారు.

అన్నిటికన్నా తొందరపడాల్సిన విషయం తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఇక్కడ విద్యుత్ స్కూటర్లు లెక్కలోకి వచ్చేవి కావు. ఆ తుపాను తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో భూగర్భ విద్యుత్ కేబుళ్లు వేశారు, అది మంచి ముందుచూపు. ఇప్పుడు అపార్టుమెంటు సెల్లార్లలో వరసగా విద్యుత్ బండ్లు నిలబడి ఉంటున్నాయి. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయాన్ తుపాను ముంచెత్తినప్పుడు, సముద్రపు నీటిలో మునిగిన విద్యుత్ కార్లలో కొన్ని నీరు తీసిన తర్వాత, కొన్ని రోజులు గడిచాక కూడా మంటలు అంటుకున్నాయి. ఉప్పునీరు లోపల విద్యుత్తుకు దారి వేయడమే ఇందుకు కారణం. అలా మునిగిన వాహనాన్ని ఏ కట్టడానికైనా 50 అడుగుల దూరంలో ఉంచాలని అక్కడి అధికారులు చెబుతారు. మన సెల్లారులో 50 అడుగుల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి అక్టోబరు రాకముందే జిల్లా యంత్రాంగం, అగ్నిమాపక శాఖ కలిసి, హెచ్చరిక వెలువడగానే తీరప్రాంత వార్డుల వారు విద్యుత్ బండ్లను సెల్లార్ల నుంచి తీసి ఏ మైదానానికి, ఏ ఎత్తైన చోటికి తరలించాలో వార్డుల వారీగా నిర్ణయించి ప్రకటించాలని, ఉప్పునీటిలో మునిగిన బండికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఛార్జింగు పెట్టవద్దన్న సూచనను తుపాను హెచ్చరికలతో పాటే ప్రజలకు పంపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం.