కలిపిన వంటకు ఊరూ పేరూ ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

విజయవాడ బందరు రోడ్డులోనూ, మా గుంటూరులోనూ కొత్తగా వెలుస్తున్న ఫ్యూజన్ రెస్టారెంట్ల గురించి, అంటే వేర్వేరు ప్రాంతాల వంటలను కలిపి వడ్డించే హోటళ్ల గురించి, మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. అలంకరణ, వడ్డన, ధరలు అన్నీ వివరంగా రాశారు గాని, అక్కడ వడ్డిస్తున్న వంటలు అసలు ఎవరివి అన్న ప్రశ్న మాత్రం అందులో ఎక్కడా కనిపించలేదు. ఆ ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది.

గత ఏడాది మా అమ్మాయీ అల్లుడూ మమ్మల్ని మారిషస్ తీసుకువెళ్లారు. దీవికి ఉత్తరాన, గ్రాండ్ బే దగ్గర, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక ఖరీదైన ఫ్యూజన్ రెస్టారెంట్‌లో ఒక రాత్రి భోజనం చేశాం. మనిషికి మన డబ్బులో ఆరు వేలకు దగ్గరగా అయింది. రుచికి నేను వంక పెట్టను. ఆవపిండీ పసుపూ వెనిగరూ పట్టించి వండిన చేప ముక్క తిన్నాక మా ఆవిడ ఇంకొకటి తెప్పించమనబోయి, ధర గుర్తుకు వచ్చి ఊరుకుంది.

నా పేచీ అంతా మొదటి పళ్లెంతోనే. నల్లరాతి పలక మీద మూడంటే మూడు చిన్న గారెలు పెట్టి, పక్కన చుక్కలు చుక్కలుగా మిరప ముద్ద వేసి తెచ్చారు. ఫ్రెంచి పద్ధతికి ఆసియా రుచులను జోడించి తమ షెఫ్ రూపొందించిన వంటకమని వడ్డించిన అబ్బాయి చెప్పాడు. మెనూ కార్డులోనూ అదే రాసి ఉంది. ముప్పై అయిదేళ్లు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసినవాణ్ణి కనుక ముందు మిరప ముద్దనే నాలుకకు తగిలించాను. వెల్లుల్లి, నిమ్మరసం వేసి నూరిన పచ్చడి అది. అక్కడివారు దాన్ని మజావరూ అంటారట. గారె విరిస్తే పలుకు పలుకుగా పప్పు, ఉల్లి, కొత్తిమీర, పచ్చిమిరప. మన మసాలా వడకు సొంత తోబుట్టువు!

మర్నాడు రాజధాని పోర్ట్ లూయీ మార్కెట్టుకు వెళితే, అదే వడను గాతో పిమా, అంటే మిరప కేకు, అన్న పేరుతో కాగితపు పొట్లాల్లో అమ్ముతున్నారు. అక్కడ ఎవరూ దాన్ని తమ సృష్టి అనలేదు. పక్క బండి మీద పప్పు పూరీలు, జంటకింత అని ధర. పసుపు, జీలకర్ర వేసిన పప్పును లోపల పెట్టి పల్చగా వత్తిన ఆ పూరీ చూడటానికి బెల్లం లేని బొబ్బట్టులా ఉంటుంది. అది బీహారు ప్రాంతం నుంచి వచ్చినవారి వంట. కరివేపాకును కారిపులే అనీ, మునగాకును బ్రెడ్ మురుమ్ అనీ పిలుస్తుంటే వాటిలో తమిళుల కరువేప్పిలై, మురుంగై స్పష్టంగా వినిపించాయి. బజారులో ప్రతి వంటా తన పుట్టింటి పేరు ఎంతో కొంత మిగుల్చుకుంది. సముద్రపు ఒడ్డున ఆరు వేలు పెట్టిన చోట మాత్రం అందరూ కలిసి ఆసియా అయిపోయారు.

ఆ మార్కెట్టుకు దగ్గరలోనే, ఓడల్లో వచ్చిన కూలీలు దిగిన ఆప్రవాసి ఘాట్ ఉంది. చెరకు తోటల్లో పని కోసం 1834 నుంచి ఒప్పంద కూలీలుగా మారిషస్ చేరిన దాదాపు 5 లక్షల మంది భారతీయుల జ్ఞాపకంగా యునెస్కో దాన్ని 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. గోదావరి సాగరసంగమం దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే అక్కడ తెలుగువారికి కోరింగీలన్న పేరు వచ్చింది. నేటికీ ఆ దేశంలో ఉగాది జాతీయ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. రేషనుగా కొలిచి ఇచ్చిన బియ్యం, పప్పులతో సంసారాలు ఈదుకొచ్చినవారి పిండివంట రాతి పలక మీదికి ఎక్కితే నాకు సంతోషమే. పలక మీద వారి ఊసు లేకపోవడమే నొప్పించింది.

వంటలు కలపకూడదని నేను అనడం లేదు. గుంటూరు పేరు నిలబెట్టిన మిరపే పోర్చుగీసు ఓడల పుణ్యమా అని అమెరికా ఖండం నుంచి మనకు వచ్చింది. ఆ మాట అనే హక్కు మిర్చి అమ్ముకుని బతికిన నాకు అసలే లేదు. కానీ మన దగ్గర జరుగుతున్నదీ అదే తంతు. మొన్న విజయవాడలో ఒక పెద్ద రెస్టారెంట్‌లో గాజు గ్లాసులో ఉలవచారు పోసి, పైన మీగడ నురగ వేసి, స్మోక్డ్ హార్స్‌గ్రామ్ రిడక్షన్, అంటే పొగ పట్టించి మరిగించి చిక్కబరిచిన ఉలవల రసం, అని తెచ్చిపెట్టారు. ఎద్దులకు ఉలవలు ఉడికించిన నీళ్లను పారబోయకుండా, చింతపండు వేసి మరిగించి వెన్నతోనో మీగడతోనో అన్నంలో కలుపుకుతిన్న కృష్ణా, గుంటూరు జిల్లాల రైతు ఇళ్ల సంగతి ఆ కార్డు మీద ఒక్క ముక్క లేదు. ఉలవచారు అన్న మాటైనా లేదు. బిల్లులో మాత్రం పన్నులు పైసలతో సహా విడివిడిగా అచ్చేశారు.

మెనూ కార్డులో ప్రతి వంటకం కింద దాని అసలు పేరు, అది ఏ ప్రాంతపు ఎవరి వంటో ఒక్క వాక్యం తెలుగులో అచ్చు వేయడానికి ఈ యజమానులకు అయ్యే ఖర్చు ఏమీ లేదు. మీ విలేకరులు ఇకపై ఇటువంటి రెస్టారెంట్ల గురించి రాసేటప్పుడు ఈ విషయం షెఫ్‌లను అడిగి, వచ్చిన జవాబును కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మారిషస్ తెలుగువారి ఇళ్లలో ఇప్పటికీ వండుకునే పండుగ వంటల గురించి ఒక వ్యాసం వేస్తే, నాలాంటి పాఠకులు ఇంకా సంతోషిస్తారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పట్నంబజారు, గుంటూరు