గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా మన బృందం జమా ఖర్చులు

నల్లకుంటలో నెలనెలా కలుసుకునే గిఫ్టెడ్ పిల్లల (అంటే వయసుకు మించిన తెలివి ఉన్న పిల్లల) తల్లిదండ్రుల బృందం సభ్యులకూ, చందాలిచ్చిన పెద్దలకూ నమస్కారం. ఏడాది లెక్క ఇది.

జమ: కిందటేటి మిగులు రూ. 6,340. మొత్తం 42 కుటుంబాల్లో 38 కుటుంబాలు తలా 1,500 కట్టాయి, అది 57,000. తక్కిన నలుగురినీ మేం అడగలేదు, అడగం కూడా. మనవడి పుట్టినరోజని ఒక తాతగారు ఇచ్చింది 10,000. ఇళ్లలో పడున్న పాత పుస్తకాలు అమ్మితే 3,850, బ్యాంకు వడ్డీ 412. మొత్తం 77,602.

ఖర్చులో పెద్దది కౌన్సెలర్ ఫీజు. ఆరు సార్లకు 3,000 చొప్పున 18,000. ఈ డబ్బుతో ఒలింపియాడ్ కోచింగ్ పెట్టించొచ్చు కదా అని కొందరన్నారు. కోచింగ్‌కు అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా చోట్లు బోలెడు. మనకు లేనిది ఇంకొకటి. రెండో సమావేశంలో ఒక నాన్న చెప్పారు: ఆరేళ్ల కొడుకు, 500 కోట్ల ఏళ్లకు సూర్యుడు ఆరిపోతాడని చదివి రాత్రుళ్లు నిద్రపోవడం లేదట. పొద్దున చొక్కా గుండీలు మాత్రం అమ్మే పెట్టాలట. ఈ పిల్లల్లో బుర్ర వయసు, చేతి వయసు, ఏడుపు వయసు కలిసి పెరగవని ఆ రోజు కౌన్సెలర్ చెప్పాక, గదిలో సగం మంది మా ఇంట్లోనూ ఇంతే అన్నారు. ఈ 18,000 పిల్లల మీద పెట్టింది కాదు, మన టెన్షన్ మీద పెట్టింది.

ఐక్యూ పరీక్షలకు ముగ్గురు పిల్లలకు సాయం, 10,500. దీని మీద కమిటీలోనే గొడవ అయింది. సగటు 100గా పెట్టే స్కేలు మీద 130 దాటేది నూటికి ఇద్దరే కాబట్టి, ఆ అంకె చేతికొస్తే చుట్టాలకు చెప్పుకోవడం మొదలవుతుందని ఇద్దరు సభ్యుల భయం. వాళ్లన్నదీ నిజమే. కానీ ఆ ముగ్గురిలో తొమ్మిదేళ్ల అమ్మాయిని బడిలో బద్ధకస్తురాలు అనేవాళ్లు. రేవెన్స్ మాట్రిసెస్ అనే పరీక్షలో చదవాల్సింది ఉండదు, బొమ్మలో ఖాళీకి సరిపోయే ముక్క వెతకాలి. అందులో చాలా పైకి వెళ్లింది. చదవడం దగ్గరే ఆగిపోయింది. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడంలో వచ్చే ఇబ్బంది, అని తేలింది. స్కోర్లు మాత్రం మన రిజిస్టర్‌లో రాయకూడదని తీర్మానించాం.

పుస్తకాలు 7,215. చాలావరకు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, కొన్ని కోఠీలో కొన్నాం. ఫుట్‌పాత్ మీద బిల్లు ఎవరిస్తారు? కొన్న చోటే చీటీ రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం, 31 చీటీలు ఫైల్లో ఉన్నాయి. అందులో 150 రూపాయల చీటీ ఒక పాత విజ్ఞాన సర్వస్వం ఏడో సంపుటానిది, మిగతా సంపుటాలు లేవు. మనవాళ్లలో ఒక పిల్లాడు దాని పక్కన నేల మీద కూర్చుని లేవనంటే కొనక తప్పలేదు.

నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం ట్రిప్, బస్సు, టికెట్లు కలిపి 8,900. సూర్యుడి పిల్లాడు అక్కడా అదే ప్రశ్న వేశాడు.

హాలు అద్దె 11 నెలలకు 13,200. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, సమోసాలు 9,460. ఇది ఎక్కువే, ఒప్పుకుంటాం. జిరాక్సు, బ్యానరు, స్టేషనరీ 1,870.

ఇక 2,000 వృథా అయింది. డిసెంబరు వర్క్‌షాప్‌కు వేరే హాలు బుక్ చేసి, పిల్లల పరీక్షలని తేదీ మార్చాం. అడ్వాన్సు తిరిగివ్వరని రసీదు వెనకాలే ఉంది, మేమే చూడలేదు. తప్పు కమిటీదే.

మొత్తం ఖర్చు 71,145. నిల్వ 6,457: బ్యాంకులో 5,957, చేతిలో 500. చిట్టా, చీటీలు కోశాధికారి దగ్గర ఉన్నాయి, వచ్చే సమావేశానికి తెస్తారు, ఎవరైనా చూడొచ్చు. వచ్చే ఏడాది చందా కూడా 1,500 మాత్రమే.

ఆ ఏడో సంపుటం ఎవరింట్లో ఉందో, దయచేసి ఆ రోజు పట్టుకురండి. ఇద్దరు పిల్లలు వరసలో ఉన్నారు.

ఇట్లు,
కమిటీ