టైరు కూడా బట్టేనండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం పేజీలో రోడ్ సైకిళ్ళ మీద, అంటే సన్న టైర్ల రేసు రకం సైకిళ్ళ మీద ఒక వ్యాసం వేశారు కదా, కొత్తగా కొనేవాళ్ళకి సలహాలన్నీ బాగానే ఉన్నాయి గానీ టైర్ల దగ్గరకొచ్చేసరికి సన్నగా ఉంటే మంచిది, గాలి రాయిలాగ కొట్టించుకుంటే స్పీడొస్తుంది అని ఒక్క ముక్కలో తేల్చేశారు, సీటు గురించి మాత్రం అరపేజీ రాశారు. ఇదే మాట నాకు సైకిలు అమ్మినాయన కూడా చెప్పాడు, నమ్మి ఏడాదిన్నర ఒళ్ళు హూనం చేసుకున్నాను. అందుకే ఈ ఉత్తరం. పొడుగైందని మీరు కత్తిరించుకున్నా పర్లేదు, గాలి లెక్కలు మాత్రం ఉంచండి.

నాది శ్రీకాకుళం, జీటీ రోడ్డులో బట్టల కొట్టు. రోజంతా కూర్చునే పని. డాక్టరు గారు నడవమంటే నడక బోరు కొట్టి, విశాఖ వెళ్ళి సెకండ్ హ్యాండులో ఒక రోడ్ సైకిలు కొన్నాను. టైర్లు 23 మిల్లీమీటర్లవి, కొట్టతను 110 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత అది) గాలి కొట్టి వేలితో టక్కుమనిపించి చూపించాడు, నేనూ మురిసిపోయాను. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి గార మీదుగా కళింగపట్నం బయల్దేరాను. ఆ రోడ్డు మీకు తెలిసే ఉంటది, బాగున్న చోట నున్నగా ఉంటది, తర్వాత ఒక అతుకు, అతుకు మీద ఇంకో అతుకు, పైగా దమ్ము రోజుల్లో ట్రాక్టర్లు ఇనప చక్రాలు విప్పకుండానే రోడ్డెక్కేస్తారు కదా, ఆ చక్రాల పళ్ళు తారు మీద దువ్వెన గీసినట్టు గాట్లు పెట్టేస్తాయి. ఆ గాట్ల మీద కిలోమీటరు తొక్కేసరికి నా పళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. లైట్‌హౌసు దగ్గర దిగి కొబ్బరిబొండం పట్టుకుంటే వేళ్ళకి స్పర్శ లేదు, బొండం జారి కాలి మీద పడింది. వంశధార సముద్రంలో కలిసేచోట నిలబడి ఇంటికి ఆటోలో పోదామా అని ఆలోచించాను.

అందరూ సీటు మార్చమన్నారు, మార్చాను. గ్లౌజులన్నారు, కొన్నాను. హ్యాండిలుకి మెత్తటి టేపు చుట్టించాను. సైకిలుకి ఒళ్ళంతా పరుపులు కట్టాను గానీ నేలని తాకేది టైరొక్కటే అన్న సంగతి బుర్రకెక్కలేదు. మనిషీ సైకిలూ కలిపి వెనక చక్రం మీద యాభై కిలోల బరువు పడిందనుకోండి, గాలి 100 పీఎస్ఐ ఉంటే, రోడ్డుకి ఆనే జాగా రెండు అయిదు రూపాయల బిళ్ళలు పక్కపక్కన పెడితే ఎంతో అంతకన్నా తక్కువే. మనకి తగిలే కుదుపంతా ఆ కాస్త జాగాలోంచే పైకొస్తది.

నాకు ఇది చెప్పింది మా వీధి చివర పంచర్లేసే తాత. వాల్ ట్యూబుల కాలం మనిషి. నా టైరు నొక్కి చూసి, "ఏటి బాబూ, ఇది టైరా ఇనప గొట్టమా, ఇలగ తిరిగితే నడుం ఎల్లిపోద్ది, గాలి తియ్యి" అన్నాడు. నేను వినలేదు, తాతకి రోడ్ సైకిలు గురించేం తెలుసులే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తది.

అసలు గాలి గట్టిగా ఉంటే స్పీడన్న మాట ఎక్కణ్నించి వచ్చిందంటే, టైర్లని పరీక్ష చేసేవాళ్ళు నున్నటి ఇనప డ్రమ్ము మీద తిప్పి చూసేవారు, దాని మీద గాలి పెంచేకొద్దీ టైరు తక్కువ నలుగుతుంది కాబట్టి తక్కువ బలంతో తిరుగుతుంది, అది నిజమే. కానీ డ్రమ్ము మీద మనిషి కూర్చోడు, డ్రమ్ముకి గతుకులుండవు. మన రోడ్డు మీద గట్టి టైరు ప్రతి రాయికీ పైకి ఎగురుతుంది, సైకిలూ మనిషీ కలిసి లేచి పడతారు, మనం తొక్కిన బలం ముందుకి పోకుండా మన కండల్లోనే ఊగిపోయి వేడైపోతుంది. అంటే ఒక హద్దు దాటాక గాలి పెంచితే స్పీడు తగ్గుతుంది. ఊగిపోతుంటే జోరుగా పోతున్నట్టు మనసుకి అనిపిస్తది అంతే, వాచీ చూస్తే తెలుస్తది. యూరప్‌లో రేసులు తొక్కేవాళ్ళే ఒకప్పుడు 21, 23 వాడినవాళ్ళు తర్వాత 25కి వచ్చి ఇప్పుడు 28, 30 వేస్తున్నారు, వాళ్ళకి సుఖం మీద మోజు ఉండి కాదు కదా.

సరే, 28 వేద్దామని మన ఊళ్ళోనే ఒక సైకిల్ షాపుకెళ్ళి "28 టైరు ఇవ్వండి" అన్నాను. ఆయన చక్కగా పాలవాళ్ళ సైకిలుకేసే నల్లటి లావు టైరు తీసిచ్చాడు. ఆయన తప్పేం లేదు, ఆయన లెక్కలో 28 అంటే అంగుళాలు, నా లెక్కలో మిల్లీమీటర్లు. ఇంటికొచ్చి గంటసేపు కుస్తీ పడితే అది రిమ్ము మీద వదులుగా వేలాడింది. తర్వాత తెలిసింది, పాత నల్ల సైకిలు 28 అంగుళాల రిమ్ము అడ్డకొలత 635 మిల్లీమీటర్లు, రోడ్ సైకిలుకి ఉండే 700సి అనే రిమ్ముది 622, పదమూడు మిల్లీమీటర్లు తేడా. కాబట్టి టైరు పక్కన ఉబ్బెత్తుగా 28-622 అని అచ్చేసి ఉందో లేదో చూసి తీసుకోవాలి, మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము. మిగతా అంకెలన్నీ మర్చిపోయినా పర్లేదు.

ఇంకోటి, 28 పట్టుద్దో లేదో ముందే చూసుకోవాలి. నా సైకిలుకి రిమ్ముని రెండువైపులా పట్టే బ్రేకులు, ఫోర్కులో చోటు కొంచెమే ఉంటది. వెడల్పు రిమ్ము మీద వేస్తే 28 అని రాసిన టైరే ఉబ్బి 30 దాకా రావచ్చు. చుట్టూ కనీసం 4 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి, లేకపోతే మన వానాకాలం బురద ఒక్క ముద్ద ఇరుక్కుంటే చక్రం ఆగిపోద్ది. అంత చోటు లేనివాళ్ళు 25 వేసుకుని గాలి తగ్గించుకున్నా చాలా మార్పు తెలుస్తది.

ఇప్పుడు నేను అసలు రాద్దామనుకున్నది. ఎన్నో వెడల్పు అన్నది సగం సంగతే. రెండు టైర్లు ఒకే వెడల్పు, ఒకే గాలి, అయినా ఒకటి ఎద్దుబండిలాగ ఉంటది, ఇంకోటి నీళ్ళ మీద పోయినట్టుంటది. ఎందుకో నాకు కొట్లో కూర్చుంటేనే అర్థమైంది, ఎందుకంటే టైరు కూడా బట్టే. పైన కనపడే రబ్బరు కింద దారాల పొర ఉంటది, గాలిని మోసేది అదే. 1887-88 ప్రాంతంలో డన్‌లప్ అనే పశువుల డాక్టరు బెల్‌ఫాస్ట్‌లో వాళ్ళబ్బాయి మూడు చక్రాల సైకిలుకి మొదట గాలి టైరు కట్టినప్పుడు కూడా రబ్బరు గొట్టం మీద గుడ్డే చుట్టాడు. ఇప్పుడున్నది మాత్రం నేత గుడ్డ కాదు, మన భాషలో చెప్పాలంటే పడుగు (నిలువు దారం) ఉంటది పేక (అడ్డ దారం) ఉండదు. పడుగూ పేకా ఉంటే టైరు నలిగినప్పుడల్లా దారాలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, అందుకని ఒక పొర దారాలన్నీ ఒకవైపు ఏటవాలుగా, ఇంకో పొర రెండోవైపు ఏటవాలుగా వేస్తారు. ఆడవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది, క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి ఎందుకు అంత బాగా అమరుతుందో టైరు గతుకుకి అలగే అమరుతుంది.

ఆ దారాలు ఎంత సన్నవైతే అంగుళానికి అన్ని ఎక్కువ పడతాయి, దాన్నే టీపీఐ అంటారు. 60 ఉంటే మోటు, 120 ఉంటే మేలు, కాటన్ వాటిలో 320 దాకా ఉంటాయి. మన జిల్లావాళ్ళకి దీన్ని ఎవరైనా వివరించాలా చెప్పండి? పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి 100 కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నం) నూలు తీసి నేసిన పంచె ఒకసారి కట్టినవాడికి లావు నూలు పంచె మళ్ళీ ఒంటికి పడుతుందా? సన్నదారం పొరలో దారాల మధ్య రబ్బరు తక్కువ పడుతుంది, పొర పల్చగా ఉంటది, నలగడానికీ లేవడానికీ తక్కువ బలం తింటది, అందుకే మెత్తగానూ ఉంటది వేగంగానూ పోతుంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురనే మీ వ్యాసం రాసినాయన అనుకున్నారు, టైర్ల విషయంలో మాత్రం రెండూ ఒకే దారిలో నడుస్తాయి. అయితే అంకె చూసి మోసపోవద్దు. కొన్నిటి మీద 330 అని ఉంటది, కింద చిన్నక్షరాల్లో చూస్తే మూడు పొరలు కలిపి లెక్క, పొరకి 110. పంచె మూడు మడతలు పెట్టి మూడు రెట్లు కౌంటు అంటే మా కొట్లో ఎవడైనా ఊరుకుంటాడా?

నేనైతే అంకెల కన్నా చేతినే నమ్ముతాను. టైరు ప్యాకెట్లోంచి తీసి విప్పి బల్ల మీద పడెయ్యండి. మోటు టైరు గుండ్రంగా నిలబడి మన వైపు చూస్తది. మేలు టైరు తడిపిన పంచెలాగ వాలిపోతుంది. తర్వాత పక్క భాగం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి గుడ్డ నాణ్యం చూసినట్టు రుద్దండి, లోపల దారాల గీతలు వేలికి తగలాలి. నేను విశాఖలో ఇలగ రుద్దుతుంటే కొట్టతను "ఏం చూస్తున్నారు సార్" అన్నాడు, "నూలు" అన్నాను, పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

దీనికి నష్టం లేదని అనట్లేదు. మొదట్లో పంచర్ల భయంతో ఒకసారి "పంచర్ ప్రూఫ్" అని లోపల మందపాటి పట్టీ ఉన్న టైర్లు వేయించాను, ఆరు నెలల్లో ఒక్క పంచరు పడలేదు, సైకిలెక్కాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు. పచ్చి కర్ర మీద కూర్చున్నట్టుండేది. ఇప్పుడు పల్చటివి వేశాక పంచర్లు వస్తాయి. గట్ల పక్కన పల్లేరుకాయలు, హైవే అంచున లారీ టైర్లు పేలి రాలిన వెంట్రుకంత ఇనప తీగలు, ఈ రెండే నా శత్రువులు. ఇంటికి రాగానే తడిగుడ్డతో టైరు తుడిచి గోరుతో తడిమితే గుచ్చుకునే ముందే సగం దొరుకుతాయి. నేను చేసేదేంటంటే ముందు చక్రానికి పల్చటి మంచిది, వెనక చక్రానికి పట్టీ ఉన్నది. చేతులకి తెలిసేది ముందుది, మలుపులో నమ్మాల్సింది ముందుది. వెనకది బరువు మోస్తది, త్వరగా అరుగుతుంది, దానికి గట్టిదనం ఉంటే చాలు.

గాలి లెక్క ఇదిగో. నా బరువు 72, సైకిలు పది కిలోలు. 28 టైర్లకి వెనక 70, ముందు 63 కొడతాను, కళింగపట్నం రోడ్డుకి ఇంకో అయిదు తగ్గిస్తాను. బరువు తక్కువున్నవాళ్ళు ఇంకా తగ్గించుకోవచ్చు. వెడల్పు టైరులో సన్న టైరు గాలే కొడితే పొర మీద లాగుడు పెరిగి ఇంకా బిగుసుకుపోతుంది, అప్పుడు డబ్బులు పెట్టి మార్చిన ప్రయోజనం ఉండదు. అలాగని మరీ తగ్గించకండి, గుంటలో పడితే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, నాకు చిలకపాలెం దగ్గర పడ్డాయి. బైకుల గాలి మిషను దగ్గర కొట్టించకండి, గేజు ఉన్న పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, అన్నిటికన్నా అదే ముందు కొనాల్సింది.

గీతలు లేని నున్న టైరు వానలో జారిపోద్దని మా బావమరిది ఇప్పటికీ వాదిస్తాడు. కార్లకి నీటి మీద తేలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి గీతలు కావాలి, సైకిలు టైరు అంత వెడల్పూ ఉండదు మనం అంత వేగమూ పోం. తడి వరిగడ్డి మీద, రైలు పట్టాల మీద గీతలున్నా పడతారు లేకపోయినా పడతారు, నేను రెండు రకాలుగానూ పడ్డాను.

మళ్ళీ సైకిళ్ళ మీద వేస్తే టైరు వెడల్పూ గాలీ కూడా వెయ్యండి. ఆ వ్యాసం రాసినాయన ఎప్పుడైనా మా ఊరొస్తే కొట్టుకి రమ్మనండి, నా సైకిలిస్తాను, ముందు 110 కొట్టి గార దాకా, వచ్చేటప్పుడు తాత దగ్గర గాలి తీయించుకుని వెనక్కి. బొండం ఖర్చు నాది.

ఇట్లు,
జీటీ రోడ్డు బట్టల కొట్టు పాఠకుడు,
శ్రీకాకుళం