వైఫై కార్డు మార్పించుకున్నవాళ్లకు మేం డబ్బులు తిరిగివ్వాలి

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గరి మా షాపులో లాప్‌టాప్ బాగుచేయించుకున్న అందరికీ నమస్కారం. ఈ మాట ముఖ్యంగా నిరుడు వానలు మొదలైనప్పటి నుంచి మా దగ్గర వైఫై కార్డు మార్పించుకున్న పదమూడు మందికి. మీలో తొమ్మిది మంది కార్డులు పాడవలేదు. బాగున్న కార్డు తీసేసి, కొత్తది వేసి, కార్డుకీ పనికీ కలిపి ఒక్కొక్కరి దగ్గర 1,800 రూపాయలు తీసుకున్నాం. తెలిసి చేసింది కాదు. కానీ ఆ డబ్బులు మీవి, వచ్చి తీసుకెళ్లండి.

ఎలా బయటపడిందో చెప్తాను.

పోయిన నెల ఒకరోజు రాత్రి, షట్టర్ దించే టైముకి, ఎస్.ఆర్.నగర్ హాస్టల్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. తెల్లారి పదింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. లాప్‌టాప్‌లో వైఫై గుర్తే లేదు, దాని చోట గ్లోబు బొమ్మ కనిపిస్తోంది. లోపలి భాగాల లిస్టు చూపించే డివైస్ మేనేజర్ తెరిస్తే ఇంటెల్ ఏఎక్స్201 అనే వైఫై కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం. దాని మీద రెండుసార్లు నొక్కితే ఈ డివైస్ స్టార్ట్ కావట్లేదు, కోడ్ 10 అని ఉంది. అలాంటివి అప్పటికే చాలా చూసి ఉన్నాను కాబట్టి ఇంకేమీ ఆలోచించకుండా "కార్డు పోయిందమ్మా" అనేశాను.

వెనక మూత తీశాను. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. అది ఎప్పుడూ చేసే పనే, కరెంటు ఉండగా బోర్డు మీద చెయ్యి పెట్టం. తర్వాత కార్డు మీద గుచ్చి ఉన్న రెండు యాంటెన్నా వైర్లు, నల్లదీ తెల్లదీ, గోటితో మెల్లగా లేపాను. చిన్న స్క్రూ తిప్పి కార్డు బయటికి తీశాను. అప్పుడు చూసుకుంటే డబ్బాలో కొత్త ఏఎక్స్201 ఒక్కటీ లేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీ నుంచి తెప్పించాలి, ఆ టైముకి అక్కడ షాపులన్నీ కట్టేసి ఉంటాయి. ఆ పిల్ల మొహం చూస్తే నాకే బాధేసింది. "అన్నా, పాతదే పెట్టేయండి, ఏదో ఒకటి చేస్కుంట" అంది. సరే, ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే వైఫై కార్డు లేకుండానే నెట్ వస్తుంది, అది చూపించి పంపుదాం అనుకున్నాను. పాత కార్డు మళ్లీ బిగించి, బ్యాటరీ పెట్టి, ఆన్ చేశాను.

వైఫై వచ్చేసింది. ఆ సందులో ఉన్న హాస్టళ్ల పేర్లన్నీ వరసగా లిస్టులో కనపడ్డాయి.

అమ్మాయి సంతోషంగా వెళ్లిపోయింది, డబ్బులేం తీసుకోలేదు. నేను మాత్రం చాలాసేపు అక్కడే కూర్చున్నాను. కొత్త కార్డు వేసిన ప్రతిసారీ వైఫై వచ్చేది కదా, అంటే పాతది పోయిందనే కదా అని ఇన్నాళ్లూ నమ్మాను. కార్డు మార్చాలంటే బ్యాటరీ తీయాలి. బాగుచేసింది కొత్త కార్డా, బ్యాటరీ తీయడమా అన్నది నేను ఎప్పుడూ విడదీసి చూడలేదు.

జరిగేది ఇది. లాప్‌టాప్ ఆపేసినా లోపల బ్యాటరీ ఉంటుంది కాబట్టి బోర్డు మీద కొన్ని చోట్ల కొద్దిపాటి కరెంటు నిలిచే ఉంటుంది. వైఫై చిప్ ఏదో ఒక స్థితిలో బిగుసుకుపోతే, ఆ కొద్ది కరెంటుతో అలాగే బిగుసుకుని ఉండిపోతుంది. విండోస్‌కీ చిప్‌కీ మధ్య మాట నడిపే చిన్న సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు, అది వెళ్లి తలుపు కొడితే చిప్ పలకదు. అదే కోడ్ 10. కరెంటు పూర్తిగా తెగితేనే అది మొదటి నుంచి లేస్తుంది. పైగా ఈ ఏఎక్స్201 పూర్తి కార్డు కూడా కాదు. సిగ్నల్ పంపే, అందుకునే రేడియో భాగమే అందులో ఉంటుంది, మిగతా సగం మదర్‌బోర్డు చిప్‌సెట్‌లోనే ఉంటుంది. ఏఎక్స్200 అనే ఇంకో కార్డు అలా కాదు, అన్నీ కార్డులోనే. కాబట్టి 201లో తకరారు వస్తే దోషం కార్డుదే అనుకోవడానికి వీల్లేదు.

మర్నాడు పాత కార్డుల డబ్బా దించాం. తీసిన ప్రతి కార్డునీ చిన్న కవర్లో వేసి బిల్లు నంబరు రాసి పెట్టడం మా తమ్ముడి అలవాటు. ఎందుకురా ఈ చెత్త అని నేను చాలాసార్లు విసుక్కున్నాను. ఇవాళ ఆ కవర్ల వల్లే ఎవరి కార్డు ఏదో చెప్పగలుగుతున్నాం. పదమూడు కార్డులూ ఒక్కొక్కటిగా టెస్టు లాప్‌టాప్‌లో పెట్టి, ఒక్కోదానితో పూటంతా వీడియో నడిపి చూశాం. రెండు అసలు లేవలేదు. రెండు కాసేపటికోసారి తెగిపోతున్నాయి. మిగతా తొమ్మిదికీ ఏ రోగమూ లేదు.

ఇప్పుడు మీరు ఇంట్లో చేసుకోగలిగింది చెప్తాను. ఉన్నట్టుండి వైఫై గానీ బ్లూటూత్ గానీ కెమెరా గానీ మాయమైతే, మా దగ్గరికి బయల్దేరే ముందు ఒకసారి రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. చాలామంది షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే అదే ఎక్కువ శుభ్రం అనుకుంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టమ్ లోపలి భాగమూ డ్రైవర్లూ ఉన్న స్థితిని డిస్క్‌లో దాచి, ఆన్ చేయగానే అదే తిరిగి తెస్తుంది. రీస్టార్ట్‌లోనే అన్నీ కొత్తగా లోడ్ అవుతాయి. దానికీ రాకపోతే పూర్తిగా ఆపి, చార్జర్ పీకేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదిలి, మళ్లీ ఆన్ చేయండి. కొన్ని మోడళ్లకి అంతటితో సరిపోదు, మూత తీసి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. అది మాకు వదిలేయండి.

ఇక షాపులో మేం మార్చిన పద్ధతి. ఏ సామాను మార్చే ముందయినా ఇకనుంచి మీ లాప్‌టాప్‌ని మా ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో ఒకసారి నడుపుతాం. మీ విండోస్‌నీ మీ ఫైళ్లనీ ముట్టుకోకుండా, పెన్‌డ్రైవ్ లోంచే ఉబుంటు అనే ఇంకో సిస్టమ్ లేస్తుంది. అందులో వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పనిచేస్తే సామాను బాగున్నట్టే, తకరారు విండోస్‌లోనో డ్రైవర్‌లోనో ఉంది. అందులోనూ పనిచేయకపోతే మాత్రం సామాను పోయిందని అప్పుడే తేల్చేయకూడదు, మరీ కొత్త మోడళ్లకి అక్కడ డ్రైవర్ లేకపోవచ్చు. ఆ తేడా తెలుసుకోవడానికే టైము పడుతుంది. అందుకే బయట 'అరగంటలో రిపేర్' అని ఉన్న బోర్డు తీసేశాం. ఒకరోజు మా దగ్గర వదిలి వెళ్లాల్సి రావచ్చు. చెకింగ్‌కి 250 రూపాయలు తీసుకుంటాం, ఏ సామానూ మార్చకపోయినా సరే. మార్చితేనే డబ్బులొచ్చే పద్ధతిలో చేయి మార్చడం వైపే వెళ్తుంది, నా విషయంలో అదే జరిగింది.

స్క్రీన్ వణుకుతోందని వచ్చేవాళ్లు కూడా ఎక్కువే. మీరే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్క్రీన్‌తో పాటు అది కూడా వణికితే మామూలుగా డిస్‌ప్లే డ్రైవర్ తకరారు. మిగతావన్నీ వణుకుతూ అదొక్కటి నిలకడగా ఉంటే మీరు వేసుకున్న యాప్ ఏదో చేస్తోంది. విండోస్ రాకముందు, బయాస్ అనే బోర్డు సెట్టింగుల పేజీలోనే వణికితే, లేదా మూత ఒక వాటంలో పెట్టినప్పుడే బొమ్మ పోతుంటే, అది హింజు దగ్గర నలిగిన కేబులో ప్యానెలో. దానికి ఎన్ని డ్రైవర్లు వేసినా లాభం లేదు.

విండోస్ ఉన్నట్టుండి ఆగిపోయి ఎర్రర్‌తో నీలం తెర రాగానే ర్యామ్ పోయిందనో బోర్డు పోయిందనో భయపడి వస్తారు. డ్రైవర్లు సిస్టమ్ గుండెకాయ లాంటి చోట, కెర్నెల్‌లో నడుస్తాయి. అక్కడ ఒక్కటి తప్పటడుగు వేస్తే మొత్తం ఆగిపోతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరలో ఇరుక్కున్నాయి. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ కంప్యూటర్లలో ఏ సామానూ కాలిపోలేదు, తప్పంతా ఒక ఫైలుది. కాబట్టి ఆ తెర మీద చివర్న వచ్చే ఎర్రర్ పేరు ఫోన్‌తో ఫొటో తీసి తెండి. కింద ఫైలు పేరు కూడా కనిపిస్తే మరీ మంచిది, మాకు సగం పని తగ్గుతుంది.

ఫార్మాట్ గురించి, అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడం గురించి నాకు గట్టిగా చెప్పాలని ఉంది. ఏ తకరారుకైనా ముందు ఫార్మాట్ కొట్టేయడం మా లైన్‌లో అందరికీ ఉన్న అలవాటు, నాకూ ఉండేది. ఇకమీద మీరు కాగితం మీద సంతకం పెట్టందే మా షాపులో ఫార్మాట్ ఉండదు. ఫార్మాట్ కొట్టాక కొత్త తలనొప్పులు కూడా వస్తాయి. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి వచ్చిన చాలా లాప్‌టాప్‌లలో విండోస్ ఎక్కించబోతే డిస్కే కనపడదు. అది చూసి ఎస్ఎస్‌డీ పోయిందని చెప్పేసేవాళ్లున్నారు. నిజానికి డిస్క్ కనపడటానికి కావాల్సిన ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి 'లోడ్ డ్రైవర్' నొక్కితే డిస్క్ వచ్చేస్తుంది. అలాగే ఫార్మాట్ తర్వాత టచ్‌ప్యాడ్ కదలకపోతే కొన్ని మోడళ్లలో కావాల్సింది టచ్‌ప్యాడ్ డ్రైవర్ కాదు, టచ్‌ప్యాడ్‌ని బోర్డుతో మాట్లాడించే ఇంటెల్ సీరియల్ ఐఓ డ్రైవర్. ఈ ఒక్కటి తెలియక కొత్త టచ్‌ప్యాడ్ కొన్నవాళ్లని నేను చూశాను.

డ్రైవర్ కావాలంటే లాప్‌టాప్ కింద స్టిక్కర్ మీద ఉన్న సీరియల్ నంబరుతో మీ కంపెనీ సపోర్ట్ సైట్‌లోనే తీసుకోండి. 'అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్' అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్లు దయచేసి వేయొద్దు. మీ మోడల్‌కి పడని వెర్షన్లు ఎక్కించి బాగున్న సౌండ్‌ని కూడా పోగొడతాయి. బయాస్ అప్‌డేట్ చేసే ముందు, డిస్క్‌కి విండోస్ వేసే తాళమైన బిట్‌లాకర్ కీ దగ్గర పెట్టుకోండి. 48 అంకెలు ఉంటుంది, మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాగి ఉంటుంది. బయాస్ మారాక లాప్‌టాప్ ఆ కీ అడిగితే, అది లేకుండా లోపలి ఫొటోలూ సర్టిఫికెట్లూ మేమే కాదు, ఎవరూ తీసివ్వలేరు. బోర్డు మార్చినా అదే పరిస్థితి. పోయిన ఏడాది ఒక పెద్దాయన మనవడి పుట్టినరోజు ఫొటోల కోసం మూడుసార్లు తిరిగారు. ఏమీ చేయలేకపోయాం.

డబ్బుల సంగతి. బిల్లు ఉంటే తెండి, లేకపోయినా పర్లేదు, మీ ఫోన్ నంబరుతో మా పుస్తకంలో వెతుకుతాం. 1,800 మొత్తం ఇస్తాం, కొత్త కార్డు మీ దగ్గరే ఉండనివ్వండి, పాతది కావాలంటే అదీ పట్టుకెళ్లండి. కోర్సు అయిపోయి ఊరు వెళ్లిపోయినవాళ్లు బిల్లు ఫొటో పంపితే యూపీఐలో వేస్తాం. ఆదివారం తప్ప రోజూ పదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాం. ఇప్పటికి ముగ్గురికి ఇచ్చాం. మిగతా ఆరు కవర్లూ బిల్లు నంబర్లు పైకి కనిపించేలా కౌంటర్ మీదే పెట్టాను.